పొలిమేర రాయి

ఒరేయ్ చిన్నోడా, ఆ తడి తుండు మంటకు అంత దగ్గరగా పట్టొద్దు. కాలిపోతుందని కాదులే. తడిబట్ట నిప్పు ముందర ఆరేస్తుంటే నాకొక ఊరు గుర్తొస్తుంది. దూరంనుంచి వచ్చిన బట్టల పెట్టె విప్పి, చెమ్మగా ఉన్నాయని పొయ్యి ముందర ఆరేసినారు అక్కడ. ఆ ఒక్క పనికి పద్నాలుగు నెలల్లో 260 మంది పోయినారు. మన సీమది కాదు, ఇంగ్లండుది. ఆ కందికట్టెలు ఇంకో రెండు లోపలికి తొయ్యండి, చెప్తాను.

మీ అత్త తొలి కాన్పుకు నేనూ మీ అవ్వా షెఫీల్డు పోయినామే, అప్పటి మాట. మీ అవ్వకు అక్కడ చేతినిండా పని. బాలింతకు పథ్యం, బిడ్డకు నలుగు, స్నానం. నాకేముంది? కిటికీ దగ్గర కూర్చొని వాన చూసేవాణ్ణి. చూసి చూసి మీ మామకే జాలేసి, ఒక ఆదివారం కారులో కొండల్లోకి తీసుకపోయినాడు. డెర్బీషైరు అంటారు ఆ ప్రాంతాన్ని. ఎటు చూసినా పచ్చిక, గొర్రెలు, నడుమ రాతిగోడలు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చినారంతే. మన చేల గట్ల మీద పేర్చినట్టే. ఆ గోడలు చూసినాక గాని ఆ దేశం నాకు కొంచెం దగ్గరైంది.

ఊరి బోర్డు మీద నాలుగే అక్షరాలు. నేను "ఇయాం" అని చదివితే మీ మామ నవ్వి, "ఈమ్ అనాలి మామా" అన్నాడు. పూర్వం సీసం గనుల ఊరు అది. నడిమధ్యలో చర్చి. లారెన్సు అనే పుణ్యపురుషుడి పేరిట కట్టినారు. ఆయన్ని ఇనుప జాలీ మీద పెట్టి కాల్చి చంపినారని వాళ్ల పురాణం.

మీకు తెలుసు కదా, నేను ఇరవై ఎనిమిదేళ్లు పంచాయతీ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాసినవాణ్ణి. గుడికి పోయినా, మసీదుకు పోయినా, స్మశానానికి పోయినా ముందు రాళ్ల మీద పేర్లు చదవడం నాకు అలవాటు. గుత్తి కోట కింద ఇంగ్లీషువాళ్ల సమాధులు చూసినారు కదా, మన్రో దొరను మొదట పూడ్చింది అక్కడే. 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయినాడాయన. నాలుగేళ్ల తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చినారు. ఒక్క మనిషికి రెండు ఊళ్లలో సమాధి! పెద్దవాళ్లకు అట్లా జరుగుతుంది. ఈమ్‌లో నేను చూసింది దీనికి తిరగబడ్డ కథ.

చర్చి చుట్టూ సమాధుల దొడ్డి. లోపలికి అడుగుపెడితే ముందు కనబడేది ఒక రాతి శిలువ. ఎనిమిదో శతాబ్దం నాటిది. వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న కాలం అనుకోండి. కంబం మీద చుట్టలు చుట్టలుగా తీగలు చెక్కినారు, తలమీద దేవదూతలు. చూడగానే ఏదో వెలితిగా ఉంది. మెడ పొట్టిగా, తల నేరుగా భుజాల మీద కూర్చున్నట్టు. మధ్యలో ఒక తునక పోయిందట. ఏళ్ల తరబడి ఆ తల గడ్డిలో పడి ఉంటే, జైళ్ల బాగుకోసం తిరిగిన జాన్ హోవార్డు అనే ఆయన ఈ ఊరికి వచ్చి చూసి, ఎత్తి నిలబెట్టండయ్యా అన్నాడని చెప్తారు. మన ఊళ్లో వీరగల్లును బట్టలుతికే బండ చేసుకున్నాం, మనకు ఆ దొర మాదిరి ఒకరు రాలేదు.

దక్షిణం గోడకు, ఒక చిన్న తలుపు మీద, నీడ గడియారం ఉంది. 1775లో పెట్టింది. గంటలు ఒక్కటే కాదు, నెలనెలా సూర్యుడు ఎంత జరిగేదీ, దూరదేశాల్లో ఎప్పుడు నడిమధ్యాహ్నమయ్యేదీ, అన్నీ ఆ ఒక్క పలక మీద గీసినారు. గీతలు చూస్తే పంచాంగకర్త కూడా దండం పెడతాడు. నేను పోయిన రోజు మాత్రం పైన మబ్బు. ముల్లుకు నీడే లేదు. ఇంత తెలివి పెట్టి చెక్కుకున్నారు సరే, ఎండేదయ్యా అనుకున్నాను.

చిన్నోడా, నీకోసం ఒకటి చెప్తాను. ఆ దొడ్డిలో హ్యారీ బ్యాగ్‌షా అనే క్రికెట్ ఆటగాడి సమాధి ఉంది. డెర్బీషైరు తరఫున ఆడి, తర్వాత అంపైరైనాడు. 1927లో పోయినాడు. రాయి మీద మూడు వికెట్లు, బంతి తగిలి ఎగిరిపోతున్న బెయిల్స్. పైన ఒక చెయ్యి, చూపుడువేలు ఎత్తి ఉంది. ఔట్! నేను అక్కడే గట్టిగా నవ్వినాను. మీ మామ చుట్టూ చూసి, "మామా, స్మశానం" అన్నాడు మెల్లగా. స్మశానమైతే ఏం? నవ్వించేదానికే కదా చెక్కించుకున్నది.

లోపల ఇంకా చాలా ఉంది. గోడల మీద పాత చిత్రాలు, ఇజ్రాయేలు పన్నెండు గోత్రాల గుర్తులు. ఎప్పుడో సున్నం కొట్టి మూసేస్తే, మళ్లీ గీకి బయటికి తీసినారు. శిల్పాల మీద సున్నం కొట్టించే ధర్మకర్తలు మన గుళ్లలోనే అనుకున్నాను, అక్కడా ఉన్నారన్నమాట. జోసెఫ్ హంట్ అని ఒక పాదిరి కథ కూడా ఆ ఊళ్లో చెప్తారు. సారాయి కొట్లో తాగిన మత్తులో, కొట్టువాడి కూతుర్ని ఉత్తుత్తి పెళ్లి చేసుకున్నాడట. పెద్ద పాదిరికి తెలిసి, ఉత్తుత్తిది కాదు, నిజంగానే చేసుకోమన్నాడు. డెర్బీలో అంతకుముందే మాటిచ్చిన పిల్ల కోర్టుకెక్కింది. అప్పుల జవాన్లు వస్తున్నారని చర్చి పక్క గదిలోనే కాపురం పెట్టి, అక్కడే బతుకు వెళ్లదీసినాడట. పాపా, నవ్వొద్దు. సరే, నవ్వులే.

ఒక మూల కొయ్య కుర్చీ ఉంది. దాని వీపు మీద 1665 అని చెక్కి ఉంది. ఆ అంకె దగ్గర నుంచే అసలు కథ.

అప్పుడు లండన్‌లో ప్లేగు. ఈమ్‌లో అలెగ్జాండర్ హ్యాడ్‌ఫీల్డు అని ఒక దర్జీ. లండన్ నుంచి ఆయనకు బట్టల పెట్టె వచ్చింది. కింద పనిచేసే జార్జి వికర్సు విప్పి చూస్తే చెమ్మగా ఉన్నాయి. పొయ్యి ముందర ఆరేసినాడు. మడతల్లో గోమార్లు. వెచ్చదనం తగిలేసరికి అవి లేచినాయి. సెప్టెంబరు 7న వికర్సు పోయినాడు. తర్వాత ఆ ఇంట్లోవాళ్లు, ఆ పక్కింటివాళ్లు. గజ్జల్లో, చంకల్లో బిళ్ల కట్టేది, జ్వరం, అంతే. చలికాలంలో కొంచెం నెమ్మదించింది. గండం గడిచిందనుకున్నారు. మరుసటేడు ఎండలు ముదిరేసరికి మళ్లీ మొదలు.

మా జేజి పిల్లప్పుడు మన వైపు కూడా పిలేగు వచ్చింది. బొంబాయిలో 1896లో మొదలై బళ్లారి మీదుగా మన పల్లెలకు దిగింది. ఇంట్లో ఎలుక రాలి పడిందంటే చాలు, ఆ పూటకే ఊరు ఖాళీ. చేలల్లో బోద గుడిసెలు వేసుకుని, నెలల తరబడి అక్కడే సంగటి కెలుక్కుని తినేవాళ్లట. ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. మా జేజికి అది తిరునాళ్ల మాదిరి ఉండేదట. పిల్లలకు ఏం తెలుస్తుంది!

మన పెద్దలు ఊరు విడిచినారు. ఈమ్‌వాళ్లు విడవలేదు, అదే విచిత్రం. ఆ ఊళ్లో అప్పుడు ఇద్దరు పాదిర్లు. ఒకడు కొత్తగా వచ్చినవాడు, విలియం మాంపెసన్. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు. భార్య క్యాథరిన్, ఇద్దరు పిల్లలు. ఇంకొకడు థామస్ స్టాన్లీ, పాత పాదిరి. సర్కారు ఒప్పుకున్న ప్రార్థన పుస్తకమే చదవాలని 1662లో చట్టం వస్తే, నేను చదవను అన్నాడు. ఉద్యోగం పోయింది. అయినా జనం మనసు ఆయన దగ్గరే. కొత్తాయనను ఊరు నమ్మదు, పాతాయనకు అధికారం లేదు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడే దారే లేదు. అట్లాంటివాళ్లు 1666 జూన్‌లో ఒకచోట కూర్చుని మూడు మాటలు తీర్మానించినారు. ఎవరి శవాన్ని వాళ్లే, వాళ్ల దొడ్లోనో చేనులోనో పూడ్చుకోవాలి, చర్చికి తేకూడదు. చర్చికి తాళం, ప్రార్థనలు బయట లోయలో, ఇంటిల్లిపాదీ పక్క ఇంటివాళ్లకు ఎడంగా నిలబడి. మూడోది ముఖ్యమైనది: ఎవరూ పొలిమేర దాటకూడదు.

ఆ ఊళ్లో మాంపెసన్ పేరే ఎక్కువ వినబడుతుంది. నన్నడిగితే సగం పైన స్టాన్లీదే అంటాను. ఊరును ఒప్పించింది ఆయన మాట. సంతకం ఎవరిదైనా, ఊరికి నచ్చజెప్పేవాడు వేరే ఉంటాడు. ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు చూసినాను కదా.

మాంపెసన్ తన పిల్లలిద్దర్నీ ముందే యార్క్‌షైరుకు పంపేసినాడు. ఉన్నవాళ్లు కొందరు కూడా దారులు మూయకముందే జారుకున్నారు. ఇది విని ఎవరైనా నొసలు విరిస్తే నేను ఒప్పుకోను. పాదిరి అయితే మాత్రం తండ్రి కాదా? భార్యను కూడా పొమ్మన్నాడు. ఆమె పోలేదు. రోగుల ఇళ్లకు భర్త వెంట తిరిగింది. ఆగస్టు 25న పోయింది.

ఆ నెల్లోనే ఎక్కువమంది పోయినారు. అప్పుడు ఊరి జనాభా ఎంత అనేదాని మీద తగాదా ఉంది. 350 అని కొందరు, 700 పైన అని కొందరు. ఏ లెక్కన చూసినా ఊరు గుల్లయింది. మార్షల్ హౌ అని ఒకడు, రోగం వచ్చి బతికి బయటపడ్డవాడు. ఇంక నాకు రాదని ధైర్యంగా శవాలు పూడ్చేవాడు. కూలి కింద చచ్చినవాళ్ల సామాన్లు, బట్టలు తెచ్చుకునేవాడట. వాడికేం కాలేదు. భార్య పోయింది, కొడుకు పోయినాడు. మళ్లీ బట్టలే, చూడండి.

నవంబరు 1న అబ్రహాం మోర్టన్ పోయినాడు. ఆ తర్వాత ఇంక ఎవరూ పోలేదు.

నేను ఆ దొడ్డంతా తిరిగినాను. క్యాథరిన్‌ది పెద్ద బల్ల మాదిరి రాతి సమాధి, ఆ పాత శిలువ పక్కనే. ప్రతి ఏడు ఆగస్టు చివరి ఆదివారం దాని మీద పూలు పెడతారు, లోయలో ప్రార్థన చేస్తారు. అదే రోజుల్లో బావులను కూడా అలంకరిస్తారు, పలక మీద తడిమట్టి పరిచి పూల రేకులు అద్ది బొమ్మలు చేస్తారు. మీ అవ్వ చూసి ఉంటే ఆ ఊళ్లోనే ఉండిపోయేది. సరే, ఆ సమాధి చూసినాను. మిగతావాళ్లవి? 260 మందిలో చర్చి నీడన రాయి దొరికింది దాదాపు ఆ ఒక్క తల్లికే. తక్కినవాళ్లంతా చేలల్లో, పెరళ్లలో. మామూలుగా చర్చి దొడ్డి అంటే ఊరి రిజిస్టరు. ఆ ఏడు పేజీ మాత్రం రాళ్ల మీద లేదు, లోపల పుస్తకంలో ఉంది. పేరు, తేదీ. పేరు, తేదీ. ఒకే ఇంటిపేరు కిందకి వరసగా. నాకు తెలుసు ఆ వరస. మనూళ్లో వాంతులు భేదులు వచ్చిన ఏడు నేనూ ఒక పేజీ అట్లా రాసినాను. అప్పుడు వేళ్లు ఎంత బరువెక్కినాయో, ఆ పుస్తకం ముందర నిలబడితే మళ్లీ అట్లాగే అయింది.

మీ మామ ఎప్పుడో ఫోన్లో చెప్పినాడు, 2016లో ఇద్దరు పరిశోధకులు ఆ రిజిస్టరు తేదీలనే పట్టుకుని లెక్కవేసినారట. ఎలుకల గోమార్ల వల్ల అంటింది పావు వంతుకేనట, ముప్పాతిక మందికి మనిషి నుంచి మనిషికే పాకిందట. అంటే ఊళ్లో ఉండిపోవడం వల్ల ఇంట్లోవాళ్లకు ఇంట్లోవాళ్లే అంటించుకున్నారు. దాటి పోయి ఉంటే? పక్క ఊళ్లకు అంటించేవాళ్లు. ఎవరో పాదిరి గుమస్తా తేదీలు సరిగ్గా రాసి పెట్టబట్టి 350 ఏళ్ల తర్వాత ఈ సంగతి తేలింది. రిజిస్టరు రాసేవాణ్ణి చిన్నచూపు చూడొద్దని మీ నాయనకు ఎన్నిసార్లు చెప్పినానో.

చర్చిలో 1985లో పెట్టిన రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది. కలంకారీ గుడ్డ మీద రామాయణం వేసినట్టు ఈ కథంతా గాజు మీద వేసినారు. బాగుంది. కానీ నా మనసు దాని మీద నిలవలేదు. నాకు పొలిమేర చూడాలని ఉంది.

పక్క ఊరు స్టోనీ మిడిల్టన్. దానికీ ఈమ్‌కూ నడుమ పచ్చికలో ఒక బండరాయి. పైన చిన్న చిన్న గుంటలు, నా బొటనవేలు పట్టేంత. అంచులు నున్నగా అరిగిపోయినాయి. ఈమ్‌వాళ్లు ఆ గుంటల్లో వెనిగరు పోసి, అందులో డబ్బులు వేసి వెనక్కి పోయేవాళ్లు. పుల్లటి నీళ్లు రోగాన్ని చంపుతాయని వాళ్ల నమ్మకం. అవతలివాళ్లు వచ్చి రొట్టె, మాంసం పెట్టి, డబ్బులు తీసుకుని పోయేవాళ్లు. ఉత్తరం వైపు ఒక ఊట దగ్గర కూడా ఇట్లాంటి ఏర్పాటే. ఛాట్స్‌వర్త్ బంగళా దొర, డెవన్‌షైరు ఎర్లు, తిండి సామాన్లు పంపించినాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒక ఊరు ఇంకో ఊరిని సాకింది.

ఆ రాయి మీద కూర్చుని నేను మన మారెమ్మను తలుచుకున్నాను. ఊళ్లోకి రోగం వస్తే మనవాళ్లు ఏం చేసేవాళ్లు? మారెమ్మకు జాతర చేసి, కుంభం పోసి, వేపాకు బండి మీద పెట్టి, తప్పెట్లు కొట్టుకుంటూ పొలిమేర దాటించేవాళ్లు. అమ్మ దాటింది, ఊరు చల్లగా ఉంది అని తిరిగి వచ్చేవాళ్లు. నేనూ చిన్నప్పుడు ఆ బండి వెంట గంతులేసినవాణ్ణే. దాటి ఎక్కడికి పోతుంది అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. పక్కూరికే కదా. వాళ్లు మళ్లీ బండి కట్టి ఆ పక్కూరికి. అరవై ఏళ్లు దాటినాక, ఎవరిదో దేశంలో ఒక బండ మీద కూర్చుంటే గాని నాకు ఆ ఆలోచన రాలేదు.

చలి పెరుగుతోంది. ఆ దుప్పటి పాప మీద కప్పు. ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను.

ఊరి బయట గుట్ట మీద రైలీ సమాధులు అని ఉన్నాయి. నా మోకాళ్లు వద్దన్నాయి, అయినా ఎక్కినాను. గుండ్రటి చిన్న గోడ. దాని లోపల గడ్డిలో బల్ల మాదిరి రాయి ఒకటి, నిలువు రాళ్లు ఆరు. అక్కడ హ్యాంకాక్ అనే రైతు కుటుంబం ఉండేది. 1666 ఆగస్టు 3 నుంచి 10 దాకా, ఎనిమిది రోజుల్లో మొగుడు, ఆరుగురు బిడ్డలు పోయినారు. చర్చికి తీసుకపోకూడదు, సాయానికి ఎవరూ రాకూడదు. తల్లి ఎలిజబెత్ ఒక్కతే. శవాన్ని చేత్తో తాకకుండా కాళ్లకు గుడ్డ కట్టి, తన మూతికి ఇంకో గుడ్డ కట్టుకుని, చేనులోకి ఈడ్చుకుపోయి తనే గుంట తవ్వి పూడ్చిందట. అవతలి గట్టు నుంచి స్టోనీ మిడిల్టన్‌వాళ్లు చూస్తుండేవాళ్లట. పొలిమేర దాటి రాకూడదు కదా, చూడడమే. అంతమందిని పూడ్చినా ఆమెకు రోగం అంటలేదు. తర్వాత షెఫీల్డులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. మిగిలిన బిడ్డ వాడొక్కడే.

నేను అలవాటుగా ఒక్కొక్క రాయి చదువుకుంటూ తిరిగినాను. జాన్, జాన్, విలియం, హానర్, ఆలిస్, ఆన్. ఒక రాయి మీద ఎలిజబెత్ అని ఉంది. అమ్మయ్య, ఈమెకూ ఒకటి పెట్టినారనుకున్నాను. తేదీ చూస్తే అది కూతురిది. తల్లి పేరే పెట్టుకున్నారు.

"మరి వాళ్లమ్మకు రాయి?"

ఆ గోడ లోపల లేదు పాపా. తుండు ఆరిందేమో చూడు చిన్నోడా, ఇటు ఇయ్యి.